బటన్ లేని పియానో

తమిళనాడులోని గుడియాత్తం చర్చిలో జెబకుమార్ పదకొండేళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాడు. అతనికి వచ్చింది మాత్రం ఒక్క సి స్కేలే. ఎవరు ఏ శ్రుతిలో ఎత్తుకున్నా శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేసి, తన తెల్లమెట్ల మీదే హాయిగా కానిచ్చేవాడు. నల్లమెట్ల జోలికి పోయే అవసరమే రాలేదు. తను పనిచేసే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మాత్రం మహా విద్వాంసుడని పేరు.

వేలూరులో చర్చి సంగీతకారుల మూడు రోజుల కూడికకు వెళ్లాక గుట్టు రట్టయింది. హాల్లో ఉన్నది బటన్లేవీ లేని పియానో. నేర్పే సామ్యుల్ మాస్టర్ "ఎఫ్‌లో వాయించప్పా" అనగానే జెబకుమార్ వేలు బటన్ కోసం చెక్కంతా తడిమింది. నలభై మంది వాద్యకారులు పగలబడి నవ్వారు. వాళ్లలో సగం మంది బటన్ భక్తులే, అది వేరే సంగతి.

"చివరి రోజు ఆరాధనలో మీ చర్చి పాటకు నేనే వాయిస్తా నాయనా. నువ్వు ఊరికే కూర్చో," అన్నాడు మాస్టర్ జాలిగా.

నవ్వు కంటే ఆ జాలే ఎక్కువ కాల్చింది. "లేదు సార్, నేనే వాయిస్తా," అన్నాడు జెబకుమార్. తప్పు వాయిస్తే ఇక జన్మలో మెట్లు ముట్టుకోకూడదని ఆ క్షణమే అనుకున్నాడు.

అందరూ సాంబారన్నానికి వరుస కట్టిన వేళల్లో అతను పియానో ముందే. ఒకే పాటను ఒక్కో మెట్టూ జరుపుతూ పన్నెండు చోట్ల వాయించాడు. మెడ పట్టేసింది. పాట పాడాల్సిన పచ్చయమ్మత్త అన్నం తెచ్చి పక్కన పెట్టింది.

"తినరా నాయనా. నా గొంతు ఆ పొద్దు యాడ లేస్తాదో నాకే తెలీదు."

"ఎఫ్‌లో ఎత్తుకో అత్తా, చాలు."

"అది యాడుండాది?" అందామె.

చివరి రోజు తమిళ అక్షరాల్లో రాసుకున్న తెలుగు పాట పట్టుకుని అత్త మైకు ముందు నిలబడింది. జెబకుమార్ ఎఫ్ శ్రుతి ఇచ్చాడు. ఆరాధనకు వచ్చిన ఐదు వందల మందిని చూసేసరికి ఆమె కంగారుపడి, అర మెట్టు పైన ఎత్తుకుంది. అక్కడ దాదాపు అన్నీ నల్లమెట్లే. మాస్టర్ కుర్చీలోంచి సగం లేచాడు.

జెబకుమార్ చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఒక చరణం ఆమెను ఒంటరిగా పాడనిచ్చి, చెవులు రిక్కించి విన్నాడు. తర్వాత ఎడమచేత్తో ఒక్క నల్లమెట్టు నొక్కాడు. కలిసింది! పల్లవికి రెండు చేతులూ దిగాయి. తెలుగు రానివాళ్లు కూడా చప్పట్లతో అందుకున్నారు. ధైర్యం తెచ్చుకున్న అత్త చివరి చరణం ఇంకాస్త పైకి ఎత్తుకుంటే అక్కడికీ వెళ్లాడు. అతని కన్నీళ్లు ధార కడుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

ముగింపు పాట అందరిదీ. వాయించాల్సింది మాస్టర్. ఆయన లేవలేదు.

"ఇదీ నువ్వే కానీ నాయనా."

"ఏ స్కేలు సార్?"

"వాళ్లు ఎత్తుకునిందే."

ఐదు వందల గొంతులు ఒక్కసారి లేచాయి. మొదటి మాట ముగిసేలోపే జెబకుమార్ వాళ్లలో కలిసిపోయాడు.