కింది గడి

పొద్దున్నే కృప వాకిలి ఊడ్చేసరికి ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడి ఉండేవాళ్ళు. చంకలో కోడో, తాడు చివర మేకో ఉండేది. జహీరాబాద్‌లో రైలు పట్టాలకు అవతలున్న ఆ సందులో అదేమీ వింత కాదు. గ్లోరీ ఆడే ఆటకు కొత్త అప్‌డేట్ వచ్చినప్పటి నుంచి రోజూ ఇదే వరస.

గ్లోరీ కృప చెల్లెలు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం ఆమె గుండె కవాటాన్ని పాడుచేసి పోయింది. డిగ్రీ మధ్యలో మానేసి, కిటికీ పక్క మంచానికే పరిమితమైంది. గడప దాకా నడిస్తే చాలు, పెదవులు నీలమవుతాయి. అందుకే వాడా బజారూ అన్నీ ఆమెకు ఫోనులోనే. ఆ ఆటలో అడవులుంటాయి, కోటలుంటాయి, ఆడే ప్రతి మనిషి వెంటా నడిచే జంతువులుంటాయి. వాటిని తోడు అంటారు. ఒక్కో తోడుకు బలమింత, వేగమింత, ఓపికింత అని లెక్క ఉంటుంది. ఆ లెక్క పెరగాలంటే రెండు తోడులను కలపాలి. తెర మీద రెండు గడులు కనిపిస్తాయి. పై గడిలో పెట్టింది తన పేరుతో, తన రూపుతో నిలుస్తుంది. కింది గడిలో పెట్టింది ఉన్న బలమంతా పైదానికిచ్చి మాయమవుతుంది.

అప్‌డేట్ వచ్చాక ఫోటో తీసిన ఏ ప్రాణి అయినా ఆ గడుల్లోకి రావడం మొదలైంది. గ్లోరీ ‘కలుపు’ అన్నచోట వేలు పెడితే, వాకిట్లో రెండు ఉన్నచోట ఒక్కటే ఉండేది.

"గ్లోరమ్మా, ఈ రెండు కోళ్ళు గుడ్లు సక్కగ పెడ్తలేవు. జర ఒక్కటి చెయ్యి బిడ్డా," అంది ఆ రోజు పక్కింటి సంగమ్మ.

"ఏది ఉండాలె పెద్దమ్మా? ఎర్రదా, నల్లదా?"

"నల్లది ఉంచు. ఎర్రది ఉత్తగ తిరుగుడే."

గ్లోరీ వేలు పెట్టింది. ఎర్ర కోడి ఈకైనా మిగలకుండా పోయింది. నల్లది ఒకసారి ఒళ్ళు విదిలించుకుంది. సంగమ్మ దాన్ని చేత్తో తూచి చూసి, "మంచిగ బరువైంది," అని గోంగూర కట్ట గడప మీద పెట్టి వెళ్ళిపోయింది. పశువుకు సూది వేయించుకుపోయే మనిషి మొహంలో ఎంత ఆశ్చర్యం ఉంటుందో ఆమె మొహంలోనూ అంతే.

కృప బస్టాండు ఎదురుగా మెడికల్ షాపులో పనిచేస్తుంది. నాయిన యాకోబు మార్కెట్ యార్డులో హమాలీ. లారీల మీంచి అల్లం బస్తాలు, ఆలుగడ్డ బస్తాలు దించి దించి ఆయన మెడ వెనక ఎద్దు మూపురంలా కాయ కట్టింది. అమ్మ పోయాక ముగ్గురికీ ఎక్కువ మాట్లాడుకోకుండానే ఒకరి పని ఒకరు చేసుకుపోవడం అలవాటైంది.

సంగమ్మ నల్ల కోడి పొద్దుగూకేవేళకు గోడెక్కి కూర్చునేది. కాసేపయ్యాక దిగి, ఎర్ర కోడి పడుకునే గంప దగ్గరికి పోయి అందులో కూర్చునేది. మళ్ళీ లేచి గోడెక్కేది. చీకటి పడేదాకా దానికి అదే పని. మొగుడంపల్లి నుంచి మల్లప్ప అనే రైతు రెండు ఎడ్లు తెచ్చి, ముసలిదాన్ని కింది గడిలో పెట్టించుకున్నాడు. కొన్నాళ్ళకు ఏదో పని మీద ఊళ్ళోకి వచ్చి, దారిలో ఈ ఇంటి ముందు ఆగాడు.

"పని బంగారం లెక్క చేస్తుంది బిడ్డా. గని తొవ్వల నడుస్తుంటే పక్కపొంటి జాగ ఇడిసే నడుస్తది. ఒక తొట్టిల నీళ్ళు తాగి, ఇంకో ఒట్టి తొట్టిల మూతి పెడ్తది. మస్తుసేపు అట్లనే ఉంటది," అన్నాడు. వాన పడేలా ఉందని చెప్పినట్టు చెప్పి, బీడీ ముట్టించుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర గ్లోరీ ఫోను అక్క ముందు పెట్టింది. ఆటలో ఆమె తోడు పేరు బాద్షా. ఎన్నో తోడులను కలుపుకుని పెరిగిన అడవిపిల్లి అది.

"అక్కా, సూడు. ఇంతకు ముందు పిలవంగనే తిరుగుతుండె. ఇప్పుడు ఆగుతది. పిలిచింది లోపల ఎవరినో తేల్చుకున్నంక తిరుగుతది."

కృప చూసింది. బాద్షా తెరలో వీపు తిప్పుకుని నిలబడి ఉంది. గ్లోరీ పిలిచింది. చెవులు రెండూ రెండు దిక్కులకు కదిలాయి. చాలాసేపటికి తల ఇటు తిరిగింది. కృప ఫోను తిరిగి చెల్లెలి వైపు జరిపింది.

"మనుషుల ఫోటో తీస్తే?"

"తీసిన. నీదే. గడిలకు వచ్చింది." గ్లోరీ గొంతు తగ్గించింది. "గని కింది గడిల మనిషుంటే, ఆ మనిషే వేలు పెట్టాలంట. ఇంకొకళ్ళు పెడితే కాదు. భయమై తీసేసిన."

యాకోబు తలెత్తలేదు. కంచంలో మెతుకులన్నీ ఒక పక్కకు చేర్చి, నెమ్మదిగా తిన్నాడు.

వానలు మొదలయ్యాక గ్లోరీకి ఆయాసం ఎక్కువైంది. పడుకుంటే ఊపిరాడక, దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. హైదరాబాద్ తీసుకుపోయారు. అక్కడి డాక్టరు పరీక్షలన్నీ చూసి, ఇప్పుడు ఆపరేషన్ చేస్తే తట్టుకోదు, చేయకపోతే ఎక్కువ రోజులు ఆగదు అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో గ్లోరీ నాయిన భుజం మీద తల పెట్టి పడుకుంది. సదాశివపేట దాటేదాకా ఆయన ఆ భుజం కదపలేదు. కిటికీ బయటకు చూస్తూ పెదవులతో ఏదో లెక్క వేసుకుంటున్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక కృపను పక్కకు పిలిచాడు.

"బిడ్డా, నాకు జర ఆ ఆట నేర్పు."

"నీకెందుకు నాయినా?"

"పిల్ల ఒక్కతే ఆడుకుంటుంది గదా. జత ఉంటదని."

కృపకు ఆ మాట ముచ్చటేసింది. గ్లోరీ నిద్రపోతుంటే ఫోను తెచ్చి ఆయన పక్కన కూర్చుంది. బస్తాలు మోసి మొద్దుబారిన వేళ్ళను తెర గుర్తుపట్టడం లేదు. ఎంత నొక్కినా కదలదు. ఆయన సిగ్గుపడ్డాడు.

"చిటికెన వేలు పెట్టు నాయినా. జర తడి చేసుకో."

చిటికెన వేలికి తెర పలికింది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం కాసేపు నేర్చుకున్నాడు. అడవుల మీదా కోటల మీదా ఆయనకు మనసు లేదు. ఎంతసేపూ గడుల గురించే అడిగేవాడు.

"పైన ఉన్నదానికి ఏమన్న అయితదా?"

"ఏం కాదు. బలం పెరుగుతది."

"కిందిదానికి నొప్పి లేస్తదా?"

"ఆట నాయినా అది," అని కృప నవ్వేసింది. ఆయనా నవ్వాడు. కానీ ఫోను ఇచ్చే ముందు కింది గడి మీద చిటికెన వేలు ఇంకోసారి ఆనించి చూసుకున్నాడు. ఇంకా అలవాటు కాలేదని కృప అనుకుంది.

ఒక మధ్యాహ్నం తిండికి ఇంటికొచ్చేసరికి తలుపు తీసే ఉంది. లోపల రొట్టె కాలుతున్న వాసన వస్తోంది. పొయ్యి ముందు నిలబడి గ్లోరీ జొన్నరొట్టె కొడుతోంది. దెబ్బదెబ్బకూ పీట అదురుతోంది. పెదవులు ఎర్రగా ఉన్నాయి. పక్కన అప్పటికే కాల్చిన రొట్టెలు దొంతరగా ఉన్నాయి.

"గ్లోరీ! ఎట్ల లేచినవే?"

"మస్తు ఆకలైతుంది అక్కా," అంది గ్లోరీ. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, చేతులు మాత్రం ఆగడం లేదు.

"నాయిన యాడ?"

మంచం పక్కన ఆయన చెప్పులు ఉన్నాయి. మంచం పట్టె మీద ఆయన తువ్వాల ఉంది.

"నేను నిద్రల ఉంటిని. లేచెటాల్కు ఫోను నా ఒడిల ఉంది."

కృప ఫోను అందుకుంది. పై గడిలో గ్లోరీ మొహం ఉంది. కింది గడి ఖాళీ. అద్దం మీద చిన్న తడి మరక ఇంకా ఆరలేదు.

"విడగొట్టు," అంది కృప. "ఎట్లనన్న చేసి విడగొట్టు."

"ఆటల ఎనుకకు పోవుడు లేదక్కా."

కృప వెళ్ళి చెల్లెలి భుజాలు పట్టుకుని ఊపేయబోయింది. ఊపలేకపోయింది. మెడ వెనక, జడ కింద, ఆమె వేళ్ళకు గట్టి కాయ తగిలింది. చేతులు వెనక్కి లాక్కుంది.

సాయంత్రం యార్డు నుంచి మేస్త్రీ నర్సింగ్ వచ్చాడు, యాకోబు ఎందుకు రాలేదో కనుక్కుందామని. గ్లోరీ నిండు నీళ్ళ డ్రమ్మును ఒంటి చేత్తో పక్కకు జరుపుతోంది. ఆయన ఆగి చూశాడు.

"కలిసిండా?"

"ఆ, మామా," అంది గ్లోరీ.

"మంచిది. మొన్నటి సంది అడుగుతుండె, బస్తాలు మోసెటోని బలం ఆడపిల్ల ఒంట్ల ఆగుతదా అని. ఆగుతదన్న." తలకు కట్టిన తువ్వాల విప్పి, ఒక్క క్షణం నిలబడి వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి ఆదివారం పాస్టరుగారు ప్రార్థనలో, యాకోబును, గ్లోరీని ఒక్క దేహంలో కాపాడమని ప్రభువును అడిగాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఒక్క కృప మాత్రం పాటల పుస్తకం మూసేసి లేచింది.

హైదరాబాద్ డాక్టరు గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

"ఇప్పుడు మంచిగా కొట్టుకుంటోంది. కానీ ఇది నీ వయసు గుండె కాదమ్మా. ఎన్నో ఏళ్ళు మోటు పని చేసిన గుండె. గట్టిదే. చూసి వాడుకో."

గ్లోరీ చూసే వాడుకుంది. మళ్ళీ కాలేజీలో చేరింది. ఆట ముట్టుకోవడం మానేసింది. కోళ్ళు, మేకలు పట్టుకొచ్చిన వాళ్ళను, "ఇగ చెయ్య పెద్దమ్మా," "ఇగ చెయ్య తాతా," అని పంపేసింది. ఒక్కోసారి ఆమె చెయ్యి, నాయిన బీడీకట్ట కోసం తడుముకున్నట్టే, లేని జేబును తడుముకునేది. ఒకసారి కూర వడ్డిస్తూ కృపను, "ఇంకింత ఏసుకో బిడ్డా," అంది. అని, బిగుసుకుపోయింది. కృప కంచం వదిలేసి లేచి బయటికి వెళ్ళిపోయింది.

ఆనాటి నుంచి కృప చెల్లెలితో అవసరానికి తప్ప మాట్లాడలేదు. గడులు నేర్పింది తనే. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, కానీ గ్లోరీ దిటవుగా నడిచి పోతుంటే ఆ అడుగుల చప్పుడు కృపకు ఆ మాటే చెబుతున్నట్టుండేది.

దసరా దాటాక ఒక సాయంత్రం కుండపోత వాన పట్టుకుంది. షాపు మూసే వేళకు కరెంటు పోయింది, ఆటోలు ఆగిపోయాయి. ఝరాసంగం పోయేవాళ్ళు బస్టాండు రేకుల కింద గుంపుగా నిలబడ్డారు. కృప కాసేపు చూసి, చున్నీ తల మీద కప్పుకుని నడక మొదలుపెట్టింది. రైల్వే గేటు దగ్గరికొచ్చేసరికి ఎదురుగా ఒక మనిషి వానలో నిలబడి ఉంది. చేతిలో గొడుగుంది, విప్పలేదు. కాళ్ళు ఎడంగా పెట్టి, మెడ కొంచెం ముందుకు వంచి, రోడ్డు వైపే చూస్తోంది. ఆ నిలబడిన తీరు చూసి కృప "నాయినా" అని పిలవబోయింది.

దగ్గరికెళ్ళి చూస్తే అది గ్లోరీ.

"ఎందుకొచ్చినవ్?"

"ఏమో. సదువుకుంటుంటి. పొద్దుగూకింది, నువ్వు రాలే. కాళ్ళు ఆగలే."

గేటు అవతల గూడ్సు బండి కూత పెట్టింది. అది దాటిపోయేదాకా ఇద్దరూ నిలబడ్డారు. బండి పోయాక కృప అడిగింది. ఇన్నాళ్ళుగా అడగలేని మాట అది.

"నాయినకు ఇనవడుతదా?"

గ్లోరీ గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది.

"తెల్వదక్కా. మాట్లాడడు. గని నువ్వు ఆలస్యం చేస్తే లోపల ఒకరు లేస్తరు. కూసుందామంటె కూసోనియ్యరు. నువ్వు కండ్లపడ్డంక మళ్ళ పండుకుంటరు."

"ఇప్పుడు?"

"ఇప్పుడే పండుకుండు."

కృప చున్నీ తీసి చెల్లెలి తల తుడిచింది. మెడ దాకా తుడిచింది. జడ ఎత్తి ఆ కాయ మీద కూడా మెల్లగా అద్దింది, ఈసారి చెయ్యి లాక్కోలేదు. తర్వాత గ్లోరీ చేతిలోని గొడుగు లాక్కుని విప్పింది.

"నడువు జల్ది," అంది. "నువ్వు తడిస్తే నాయినకు జరమొస్తది."