మూడో భాగం తర్వాత చప్పట్లు

"మధ్యలో చప్పట్లు కొట్టకు. నాలుగు భాగాలూ అయ్యాకే కొట్టాలి. మా ఆఫీసరుగారి ముందు నా పరువు తీయకు," అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేస్తున్న చొక్కా కోసం బనీనుతో నిలబడి. వారం రోజులుగా ఇదే పాఠం. సంగీతమంటే చెవికోసుకునే ఆఫీసరుగారు, దంపతులిద్దరూ రండంటూ, పెద్ద పాశ్చాత్య వాద్యబృందం వాయించే సింఫనీ కచేరీకి టికెట్లిచ్చాడు గనక ఆమెకూ ప్రాప్తించింది, లేకపోతే ఆ పక్క సీటు ఆమెకెందుకు? పొద్దంతా ల్యాబులో నిలబడి రక్తపరీక్షలు చేసి వచ్చిన మనిషి ఇంటికొచ్చి మళ్లీ నిలబడే ఉందన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తట్టదు.

ఆ సింఫనీ పోయిన శతాబ్దంలో, యుద్ధం రోజుల్లో ఎవరో రాసినది. ఆఫీసరుగారి దగ్గర రెండు ముక్కలు మాట్లాడొచ్చని భర్తే సీడీ తెచ్చాడు. పది నిమిషాలు విని, గిన్నెల బీరువా కూలినట్టుందని లేచిపోయాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఊరికే పుట్టలేదు. ఆమె దాన్ని వంటింట్లో పాత ప్లేయర్లో పెట్టుకుంది. మొదట్లో ఆమెకూ తలనొప్పే వచ్చింది. పాటలాంటిదేదీ చేతికి చిక్కదు. చిక్కిందనుకునేలోగా ఎవరో లాగేసుకుంటారు. "ఎవరు పోయారే, ఆ ఏడుపులేమిటి?" అంది అత్తగారు. అయినా కూరలు తరుగుతూ, గిన్నెలు తోముతూ మళ్లీ మళ్లీ విన్నది. ఎవరికీ వడ్డించక్కర్లేని పని ఆమెకు అదొక్కటే. రెండో భాగంలో ఒకచోట మాత్రం, ఎంత విన్నా గోల తప్ప మరేమీ వినపడేది కాదు.

కచేరీ హాల్లో, ఆ గోల వెనక ఏముందో కనపడింది. బాకాలూ డోళ్లూ ఒక్కసారిగా విరుచుకుపడుతుంటే, మధ్య వరసలో నడివయసు స్త్రీ ఒకామె మొహం కందిపోయేలా ఫ్లూటు ఊదుతోంది. ఒక్క స్వరమూ బయటికి రావడం లేదు. వినపడదని తెలిసే రాసినట్టున్నారు, వినపడదని తెలిసే ఆమె ఊదుతోంది. ఉన్నట్టుండి డోళ్లన్నీ ఆగిపోయాయి. ఫ్లూటొక్కటే మిగిలింది. అది కొత్తగా మొదలైంది కాదు. ఇందాకటి నుంచీ ఉన్నదే ఇప్పుడు వినపడుతోంది. భోజనాల బల్ల దగ్గర ఏళ్ల తరబడి మాటను సగంలోనే మింగిన మనిషికి లోపల్నుంచి ఏదో పొంగుకొచ్చింది. సంతోషం కాదది, కోపం. తనలో ఇంత కోపం ఉందని ఆమెకే తెలియదు. చివరి భాగంలో ఆ ఫ్లూటు ఏమవుతుందో చూడాలని ముందుకు జరిగి కూర్చుంది.

మూడో భాగం ఫెళఫెళమని ముగిసింది. అంతా అయిపోయిందనుకుని భర్త గట్టిగా చప్పట్లు కొట్టాడు. హాలు మొత్తానికి ఆ రెండు చేతులే. ముందు వరసలో తలలు తిరిగాయి. నాలుగు సీట్ల అవతలి నుంచి ఆఫీసరుగారు వంగి చూశాడు. భర్త చేతులు చటుక్కున ఒళ్లోకి దించేసుకుని, ఆమె వైపు తిరిగి, పదిమందికీ వినపడేలా అన్నాడు: "మధ్యలో కొట్టొద్దని చెప్పానా లేదా?"

నాలుగో భాగం మొదలైంది. చెవుల్లో హోరు తప్ప ఆమెకేమీ వినపడలేదు. అంతగా కాచుకున్న భాగం ఎప్పుడు ముగిసిందో, ఫ్లూటు ఏమైందో తెలియలేదు. అబద్ధానికి కాదు, అవి ఆమెకు అలవాటే. ఆ కాస్త సంగీతాన్ని కూడా దోచుకున్నందుకు ఒళ్లు మండిపోయింది.

బయట వసారాలో ఆఫీసరుగారు పెద్దమనసుతో, కొత్తలో అందరూ పొరబడతారులే అమ్మా అన్నాడు. భర్త నవ్వి, ఆమె తరఫున క్షమాపణ కూడా చెప్పాడు.

"కొట్టింది నేను కాదండీ, ఈయన," అందామె.

గొంతు పెంచలేదు. ఆఫీసరుగారి భార్య మొహం తిప్పుకుని చేతిసంచీలో ఏదో వెతుక్కుంది. ఆఫీసరుగారు గడియారం చూసుకున్నాడు. ఆమె నేరుగా టికెట్ల కిటికీ దగ్గరికి నడిచి, రేపు సాయంత్రం ఇదే కచేరీకి ఒక్క టికెట్ అడిగింది.

భర్త వెనకాలే వచ్చి పళ్లు బిగించి అన్నాడు. "రేపు మా చెల్లెలు వాళ్లు భోజనానికొస్తున్నారు. వంటెవరు చేస్తారు?"

"పెళ్లయ్యాక మీరు ఆ మాట అడగడం ఇదే మొదటిసారి," అంది ఆమె, టికెట్ అందుకుంటూ.