ఏడుపు కనిపించే ఇల్లు

కోడలికి చిన్నప్పటినుంచీ చెవులు వినిపించవు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టేస్తుంది, చేతులతో గలగలా మాట్లాడుతుంది. పెళ్లయి వచ్చాక మొగుడికీ అత్తకూ ఆ చేతుల భాష నేర్పింది. అత్త అంతా నేర్చుకుంది కానీ గొంతు తగ్గించడం మాత్రం నేర్చుకోలేదు. వినపడని మనిషితో కూడా వీధి చివరికి వినిపించేట్టు మాట్లాడేది.

పాప పుట్టాక అసలు చిక్కొచ్చింది. కొడుకు బస్సు డ్రైవరు, పొద్దున్నే వెళ్లిపోతాడు. అత్త బేకరీ పనికి సెలవు పెట్టి ఇంట్లో ఉంది. ఆ సెలవు కాస్తా అయిపోవచ్చింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పాప ఏడిస్తే తల్లికి తెలిసేదెలా?

కోడలు తనకు తోచిన ఉపాయం తను చేసింది. ఉయ్యాలకు పొడుగాటి నాడా కట్టి, రెండో కొస మణికట్టుకు చుట్టుకుంది. పాప కాళ్లు ఝాడిస్తే చెయ్యి లాగుతుంది. నాడా వంటింటి గుమ్మం దాకా వచ్చేది, పొయ్యి దాకా వచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం అత్త కూరగాయలు తెచ్చుకుని వస్తుంటే మెట్ల దగ్గరే పాప ఏడుపు వినిపించింది. సంచి అక్కడే పడేసి పరుగెత్తింది. ఏడ్చి ఏడ్చి పాప మొహం కందిపోయింది. పక్కనే బాల్కనీలో కోడలు తాపీగా బట్టలు ఆరేస్తోంది. నాడా చేతికే ఉంది, ఉయ్యాల వైపు ముడి ఊడిపోయింది.

"బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే..." అని అరిచి, అత్త అక్కడితో ఆగిపోయింది.

ఆ మొహం చూడగానే కోడలికి మిగతాది అర్థమైంది. పాపను గుండెకు హత్తుకుని నేలమీద కూలబడింది.

"నేను పని మానేస్తాలే" అంది అత్త, ఆమె పక్కనే కూర్చుని.

"నా కోసం మానొద్దు" అంది కోడలు చేతులతో. "మీరు మానేస్తే, నా బిడ్డను నేను చూసుకోలేనని అందరూ ఒప్పుకున్నట్టే."

సంగతి తెలిసి, లైట్ల దుకాణంలో పనిచేసే ఆడపడుచు మర్నాడే వచ్చింది. సంచిలోంచి చుట్టచుట్టిన పట్టీ ఒకటి తీసింది.

"ఏంటే ఇది, కొలత టేపా?" అంది అత్త.

"లైటమ్మా."

"బల్బేదీ?"

"దీనికి బల్బుండదు. ఈ చుక్కలన్నీ ఎల్‌ఈడీలే. గోడకి ఎక్కడంటే అక్కడ అతికించుకోవచ్చు. రంగు మార్చుకోవచ్చు, మిణుకుమనేలా పెట్టుకోవచ్చు. పాప ఏడిస్తే వదిన వినక్కర్లేదు, చూస్తే చాలు."

"పసిబిడ్డ ఉన్న ఇల్లు, కాలిపోదు కదా?"

"వెలిగించాను, ముట్టుకో."

అత్త భయంభయంగా వేలు ఆనించింది. గోరువెచ్చగా కూడా లేదు.

వదినా ఆడపడుచూ కుర్చీలెక్కి అన్ని గదుల్లో గోడల పైఅంచున పట్టీ అతికించారు. మామూలప్పుడు లేత పసుపు వెలుగు. పట్టీకి తగిలించిన, శబ్దాన్ని పట్టే చిన్న పెట్టెకు పాప ఏడుపు వినిపిస్తే నారింజ రంగు, ఎవరైనా కాలింగ్ బెల్ నొక్కితే నీలం.

మొదట్లో నానా తంటా అయింది. కుక్కర్ కూత వేస్తే నారింజ. మిక్సీ తిప్పితే నారింజ. కోడలు పరుగెత్తుకెళ్లి చూసేసరికి పాప హాయిగా నిద్రపోతూ ఉండేది. "ఇదెక్కడి గోలే!" అని అత్త అనగానే ఇల్లంతా మళ్లీ నారింజ.

"అమ్మా, నీ గొంతుకీ పాప ఏడుపుకీ దీనికి తేడా తెలీడం లేదు" అని పడీపడీ నవ్వింది కూతురు. ఏమన్నదో వదినకు చేతులతో చెప్పింది. ముడి ఊడిన ఆ మధ్యాహ్నం తర్వాత కోడలు నవ్వడం అదే మొదలు.

పెట్టెను ఉయ్యాల కమ్మీకి బిగించి, చిన్న చప్పుళ్లకు వెలగకుండా సరిచేశారు. ఇక పాప ఏడవాలి. ముగ్గురూ ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ పెంకిపిల్ల కిలకిలా నవ్వుతుంది తప్ప ఏడవదు. విసుగొచ్చి కోడలు వంటింట్లోకి వెళ్లాక అప్పుడు ఆకలి గుర్తొచ్చింది దానికి. గోడలు నారింజ రంగులో మిణుకుమన్నాయి. తల్లి తడిచేతులతోనే వచ్చి ఎత్తుకుంది. అత్త సంబరంగా చప్పట్లు కొడితే పాప దడుచుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది.

సెలవు అయ్యాక అత్త పనిలోకి వెళ్లింది. పిండి పిసుకుతోందన్న మాటే గానీ మనసంతా ఇంటిమీదే. భోజనాల వేళకు ఉండబట్టలేక వచ్చేసింది. సరిగ్గా గుమ్మం ముందుకు రాగానే లోపల పాప ఏడుపందుకుంది. బెల్ మీదికి వెళ్లిన చేతిని అత్త బలవంతాన వెనక్కి తీసుకుని కిటికీలోంచి చూసింది. వంటింటి గోడ నారింజ రంగెక్కింది. కోడలు చటుక్కున పొయ్యి ఆపేసి, కంగారేమీ లేకుండా గదిలోకి నడిచింది. కాసేపటికి ఏడుపు ఆగింది.

అత్త మెట్టుమీద కూర్చుండిపోయింది. ఇన్నాళ్లూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా వదిలినట్టు ఒళ్లు తేలికైంది. కళ్లు తుడుచుకుని లేచి, బెల్ నొక్కింది.

కోడలు పాపను భుజాన వేసుకుని తలుపు తీసింది. "అప్పుడే వచ్చేశారేం?"

"ఆకలేసి వచ్చాను" అంది అత్త చేతులతో. "అన్నం పెట్టు, తినేసి పోతాను."