పద్దెనిమిది నిండితే

బస్సు కండక్టరుగా పదకొండేళ్లు చేసిన అక్కకు మనుషుల్ని ఇట్టే నమ్మే అలవాటు ఎప్పుడో పోయింది. చెల్లెలు ఉంటున్న బాలికల గృహం నుంచి కబురొస్తే, ఏదో తిరకాసు ఉందనుకుంటూనే వెళ్లింది.

ఎవరి మెడలోనో గొలుసు తెంపిన స్నేహితులను బండి మీద తప్పించినందుకు చెల్లెలికి నాలుగేళ్ల శిక్ష పడింది. వచ్చే వారం పద్దెనిమిది నిండుతాయి. నిండగానే ఆడవాళ్ల పెద్ద జైలుకు మార్చాలి.

"ఇరవై ఒకటి వచ్చేదాకా ఇక్కడే ఉంచమని కోర్టును అడుగుతున్నాను. ఇంటివాళ్ల సంతకం ఉంటే మంచిది," అంటూ సూపరింటెండెంట్ కాగితం ముందుకు జరిపింది.

అక్క దాన్ని మూడుసార్లు చదివి, వెనక్కి తిప్పి కూడా చూసింది.

"దీనివల్ల శిక్ష పెరగదు కదా మేడమ్?"

"ఒక్కరోజు కూడా పెరగదు."

"మరి మీకేంటి లాభం?"

ఆవిడ కోప్పడలేదు. "పుట్టినరోజు రాగానే పెద్దవాళ్లయిపోరు కదమ్మా. ఇంకా ఎదిగే పిల్లలే."

జవాబు అంత నున్నగా రావడంతో అనుమానం ఇంకా ముదిరింది. వచ్చేదారిలో కుట్టు గది చూసింది. చెల్లెలి చేతిపని బాగుంటుందని ఇక్కడివాళ్లే చెప్పారు. పనిమంతురాలిని ఎవరు వదులుకుంటారు?

"ముందు దానితో ఒంటరిగా మాట్లాడాలి," అంది.

చెల్లెలు వస్తూనే, "సంతకం పెట్టెయ్ అక్కా," అంది.

"ఎవరు నేర్పారే ఆ మాట? చాకిరీ చేయించుకోడానికా?"

"కుట్టేది రెండు గంటలే. మిగతాదంతా చదువు. టికెట్ లేనిదాన్ని చూసినట్టు చూడకు."

అక్క నవ్వలేదు. చెల్లెలి చూపు మాటిమాటికీ తలుపు వైపే పోతోంది.

"ఏదో దాస్తున్నావ్."

చెల్లెలు గొంతు తగ్గించింది. "పోయిన నెల అప్పీలుకి తీసుకెళ్లారు కదా. కోర్టు వరండాలో పెద్ద జైలు నుంచి వచ్చిన ఖైదీ ఒకావిడ నా పక్కన కూర్చుంది. ఎంత ఆప్యాయంగా మాట్లాడిందో. నా పుట్టినరోజు ఆవిడకి తెలుసక్కా. 'నీ మొహం చూస్తే ఎవరూ సోదా చెయ్యరు, మా జైలుకి వచ్చేటప్పుడు లోపలికి సెల్‌ఫోన్లు నువ్వే చేర్చాలి' అంది. కాదంటే నీ బస్సు తెలుసంది. రూటు నంబరు సరిగ్గానే చెప్పింది."

 అక్క దగ్గరికి జరిగి, "మేడమ్‌కి చెప్పావా?" అంది.

"నిన్నేమైనా చేస్తారని చెప్పలేదు."

అక్క తిరిగొచ్చి సంతకం పెట్టింది. గడప దగ్గర ఆగిపోయింది. పుట్టినరోజు సంగతి బయటికి చేరవేసింది ఇక్కడివాళ్లే అయుండాలి. ఈవిడేనా? ఈవిడే అయితే పిల్లను ఇక్కడ ఉంచాలని ఎందుకు చూస్తుంది? అక్క వెనక్కొచ్చి, తలుపు వేసి, మొత్తం చెప్పింది. సూపరింటెండెంట్ అంతా రాసుకుంది. కోర్టుకు తీసుకెళ్లిన రోజు కాపలాగా ఎవరు వెళ్లారో రిజిస్టరులో చూసి, ఆ పేరు కింద గీత గీసింది.

కోర్టు ఒక్క ఏడాదికి ఒప్పుకుంది. తర్వాత మళ్లీ చూస్తారట. కాపలామనిషిని వేరేచోటికి మార్చారు, నేరం మాత్రం రుజువు కాలేదు. అక్క రూటు మార్పించుకుంది.

మొన్న కొత్త బస్సులో ఒకావిడ, "బాగున్నావా అమ్మా? ఇంట్లో అందరూ కులాసానా?" అని పలకరించింది. ఎప్పుడూ చూడని మొహం.

"ఎక్కడ దిగుతారు?" అంది అక్క. ఆవిడ దిగి, సందు మలుపు తిరిగేదాకా బస్సును కదలనివ్వలేదు.