రెక్క కింద రెండు తలలు

పడవ నాది, పరీక్ష నా కూతురిది. పక్షులు చూపించే గైడు బిల్ల కావాలంటే అడవి ఆఫీసు పెద్దసారుకి మధ్యాహ్నంలోగా పది రకాలు చూపించాలి. పడవ ముందు భాగంలో కూర్చున్న నేను నోరు విప్పితే తను ఫెయిలు.

కాలిబాట మీద తొమ్మిది అయ్యాయి. పదోది నది మీద. ఒడ్డు కొమ్మపై లకుముకి పిట్ట కళ్లెదుటే ఉంది. నా కూతురు దాన్ని చూసి కూడా పడవ ఆపలేదు. ఎక్కడికి పోతోందో తెలిసిపోయింది.

పన్నెండేళ్ల క్రితం ముందున్న మలుపులోనే నా భార్య ఒక పక్షిని చూసింది. పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని ఎగిరిందని ఆఫీసు రిజిస్టర్లో రాసింది. ఈ పెద్దసారే ఎర్ర ఇంకుతో కొట్టేశాడు. "వంటింట్లో కలగన్నావా అమ్మా?" అన్నాడు, పదిమందిలో. ఆమె మళ్లీ ఆ ఆఫీసు మెట్లెక్కలేదు. పోయి నాలుగేళ్లు.

"లకుముకిని వదిలేశావేంటమ్మాయ్? టైమైపోతోంది," అన్నాడు పడవ మధ్యలో కూర్చున్న సారు.

"అది మీకు తెలిసిందే కదండీ. తెలియనిది చూపిద్దామని."

"పొగరే!"

"మా అమ్మదండీ."

తెడ్డు నీళ్లలోంచి పైకి తీయకుండానే తిప్పుతోంది. చుక్క నీరు రాలిన చప్పుడు లేదు. అదీ వాళ్లమ్మ నేర్పిందే. పడవ వేలాడే కొమ్మల కిందికి జారింది. చెట్ల వేళ్ల మధ్య గోధుమరంగు పక్షి ఈదుతోంది.

"నీటికాకి," అన్నాడు సారు. "పొద్దున చూసేశాం. లెక్కలోకి రాదు."

"దుంగెక్కుతోంది, కాళ్లు చూడండి సార్. నీటికాకికి పసుపు చారలుంటాయా?"

ఆయన బైనాక్యులర్ ఎత్తాడు. పక్షి బెదిరి లేచింది. రెక్కల కింద చెరో పక్కనుంచి రెండు బోడితలలు బయటికొచ్చాయి. అది మలుపు తిరిగిపోయినా ఆయన బైనాక్యులర్ దించలేదు.

"పది," అంది నా కూతురు.

ఆఫీసులో సారు బిల్ల ఇవ్వబోతే నా కూతురు చెయ్యి చాచలేదు.

"ముందు పాత రిజిస్టరు తీయండి సార్."

తీశాడు. ఎర్రగీత పక్కన 'నిజం' అని రాసి సంతకం పెట్టాడు. అప్పుడు తీసుకుంది బిల్ల. దాన్ని చొక్కాకు తగిలించుకుని, తలెత్తి, వాళ్లమ్మ మళ్లీ ఎక్కని మెట్లు దిగింది.

సారు నావైపు తిరిగాడు. "మనసులో పెట్టుకోకు, పెద్దాయనా."

పరీక్ష అయిపోయింది. ఇక నోరు విప్పొచ్చు.

"పెట్టుకుంటాను," అన్నాను.