అంచు లేని చీర

ఆ శనివారం పొద్దున రాజేశ్వరి నెమలికంఠం రంగు చీర అంచు చింపింది. కూతురు అక్షర పుట్టినప్పుడు పుట్టింటివాళ్లు పెట్టిన చీర అది. సుతిలి తాడు కొనడం దండగని అత్త భద్రమ్మ పెళ్లయిన కొత్తలోనే తేల్చేసింది కాబట్టి, మొగుడి షాపు చెత్త బస్తాల మూతులు కట్టడానికి రాజేశ్వరి పాత చీరల అంచులే దిక్కు. శుక్రవారం షాపు చెత్త బయట పారేస్తే లక్ష్మి వెళ్లిపోతుందట. అందుకని అదంతా ఇంటి పెరట్లో ఉంటుంది. లక్ష్మి షాపులో, కంపు ఈమె దగ్గర.

హన్మకొండ చౌరస్తాలో మొగుడు సత్యనారాయణది డిస్పోజల్ గ్లాసుల షాపు. మున్సిపాలిటీ బండికిస్తే నిషేధం ఉన్న ప్లాస్టిక్ బయటపడుతుందని బస్తాలను ట్రాలీ ఆటోలో ఎటో పంపేవాడు. ఎటని ఆమె ఒకసారి అడిగింది. "మూటలు కట్టుడు తప్ప నీకేం తెలుసు? కట్టు, సాలు," అన్నాడు. ఆ మాట ఆమె మింగింది గానీ ఇరవై రెండేళ్లయినా అరగలేదు.

కోట మట్టికట్ట వెంట పోయే పాత బాటను, పక్కనున్న కందకాన్ని కాపాడాలని కాశిబుగ్గ నేతన్నల సంఘం, చర్చి యువకులు, పొద్దుటి నడక మిత్రులు కలిసి ఐక్యవేదిక పెట్టుకున్నారు. సత్యనారాయణ టోపీలు పంచి ముఖ్య అతిథి కుర్చీ సంపాదించాడు. ఎండలో వంగి చెత్త ఏరడానికి మాత్రం పెళ్లాన్ని చేర్పించాడు. ఫొటోల్లో నిలబడితే షాపుకు మంచిదట. తెలివి ఎక్కువైతే ఇలాగే ఉంటుంది.

మరుసటి వారం చెత్త ఏరుడు మొదలైన మొదటి రోజే కందకంలో తంగేడు పొదల కింద ఆమెకు బస్తా కనిపించింది. మూతికి నెమలికంఠం అంచు. పక్కన ఆకుపచ్చది, దాని కింద పసుపుది. ఆమె చీరల అంచులన్నీ అక్కడే, బురదలో ఉన్నాయి. గ్లాసుల మధ్య ఒక తాబేలు ఇరుక్కుని చచ్చింది. ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, హాయిగా వచ్చింది.

"ఎవరు పడేస్తుండ్రో తెలుస్తలేదక్కా. సాక్ష్యం లేకుంటే కేసు నిలువది," అంది వేదిక పని చూసే ఎస్తేరు టీచరు. రాజేశ్వరి నెమలికంఠం అంచున్న బస్తాను పొద చాటుకు నెట్టింది. చెబితే షాపుకు సీలు పడుతుంది, ఇంట్లో తన బతుకు కుక్కలు చింపిన విస్తరి అవుతుంది. చెప్పకపోతే చచ్చేదాకా మూటలు కట్టాలి. మొగుడు ముఖ్య అతిథిగా వచ్చే వేదిక సభ ఎల్లుండి.

సభకు ఆ అంచు చింపిన చీరే కట్టుకుంది. పరువు తీస్తావా అని భద్రమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"దానికే పోతున్న అత్తమ్మా," అని పక్కకు జరిపి వెళ్లింది.

సత్యనారాయణ ప్రకృతి తల్లి గురించి గొంతు సవరించుకుంటుండగా ఆమె బురద బస్తాను ఈడ్చుకొచ్చి అతని కాళ్ల ముందు పెట్టింది. తన కొంగును బస్తా మూతి పక్కన ఆనించి పట్టుకుంది. ముందు వరసలో నేతన్నలున్నారు, వాళ్లకు ఒక్క చూపు చాలు. "రెండూ ఒక్క చీరెవే," అన్నాడు వాళ్లలో నర్సయ్య లేచి నిలబడి.

సత్యనారాయణ మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, ఇంటికి పా, మాట్లాడుకుందామన్నాడు. ఆమె ఆ చెయ్యి తీసేసింది.

"ఇరవై రెండేండ్ల సంది ముళ్లు ఏసింది నేను, మూటలు ఈయనయి. ఇద్దరి పేర్లు రాస్కో టీచరమ్మా."