మూల విరిగిన ఊదారాయి

మా బాబాయికి రాళ్ళ పిచ్చి. నగల్లో పొదిగేవి కావు, గనుల్లోంచి మెరుస్తూ వచ్చే స్ఫటికాలు. భోజనాల బల్లంతా అవే ఆక్రమించేశాయి. ఒళ్ళో కంచం పెట్టుకుని తినీ తినీ విసిగిపోయిన పిన్ని, "ఆదివారానికల్లా బల్ల ఖాళీ కావాలి, అన్నీ అమ్మేయండి!" అనేసింది. న్యాయమే కదా! వివరాలు రాసి ఫోన్లో అమ్మకానికి పెట్టే పని మాత్రం నా నెత్తిన పడింది.

అన్నీ చకచకా పోయాయి. మిగిలింది ఒక్కటే, ఊదారంగు ఫ్లోరైట్. చిన్న చిన్న పాచికలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తెల్లరాతి మీద కూర్చున్నట్టుంటుంది. అదంటే బాబాయికి ప్రాణం. అది పోతుందంటే ఆయనకి ముద్ద దిగడం లేదు.

"రాయవే అమ్మాయ్. కుడి మూల విరిగింది. వెనక బీట ఉంది. అడుగున మట్టి ఎంత కడిగినా వదలదు."

"అమ్ముతున్నావా బాబాయ్, దానిమీద చాడీలు చెబుతున్నావా?" నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఈ వ్యాపారంలో లోపం దాచకూడదమ్మా," అన్నాడు అమాయకంగా. అవి చదివి ఎవరూ కొనరని ఆయన ఎత్తు. నాకు తెలీదా!

ఫోటో ఇంకా ఘోరం. సైజు తెలియడానికి పక్కన వేలు పెట్టమంటే, రాయిని గుప్పెట్లో పెట్టుకుని వదల్లేదు.

ఎత్తు కాస్తా బెడిసికొట్టింది. సాయంత్రానికల్లా ఒకావిడ నాకు ఫోన్ చేసింది. "ఇన్ని లోపాలు చెప్పినవాళ్ళు అబద్ధమాడరు. అది నాకే కావాలి, రేపొచ్చి తీసుకెళ్తాను."

ఆ మాట చెప్పగానే బాబాయి మొహంలో నెత్తుటి చుక్క లేదు. అయినా దూది తెచ్చి రాయిని చుట్టాడు. విప్పి చూసుకున్నాడు. మళ్ళీ చుట్టాడు. నా కోపం ఎటో పోయింది.

ఇంతలో ఆవిడే మళ్ళీ ఫోన్. "ఒక్క మాటండీ. స్ఫటికాలు ఆ రాతి మీదే పుట్టినవేనా, ఎవరైనా అతికించారా?"

అదే మాట బాబాయిని అడిగితే, ఆయన దూదితో సహా రాయిని గుండెకి హత్తుకున్నాడు. ఇందాకట్నుంచీ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న పిన్ని, చరచరా వచ్చి నా చేతిలో ఫోన్ లాక్కుంది.

"రాతి మీదే పుట్టాయండీ. కానీ అసలు లోపం రాయడం మర్చిపోయారు మావాళ్ళు. అది మా ఆయనకి అతుక్కుపోయింది. లాగితే ఇద్దరూ విరుగుతారు. ఏమనుకోకండి."

అవతల ఆవిడ పకపకా నవ్వడం నాకూ వినిపించింది.

పిన్ని దూది విప్పి, రాయిని బల్ల మధ్యలో పెట్టి, చుట్టూ కంచాలు వేసింది. "ఇదొక్కటే! ఇంకోటి కనబడిందో, మిమ్మల్నే అమ్మకానికి పెడతా. లోపాలు నేను చెబుతా, అమ్మాయి రాస్తుంది."

బాబాయి ఆ పూట మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.